ఆ 'ఆఫ్టర్' ఫోటోలో ఉన్నది నేనే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ లోపలి పేజీలో సగం పేజీకి ఒక యాడ్ వచ్చింది, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌ది. పైన ఒక హీరోయిన్ నవ్వుతా ఉంటుంది (మగాళ్ళ బట్టతలకి హీరోయిన్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు), కింద మూడు జతల ఫోటోలు, బిఫోర్ ఆఫ్టర్ అని. అందులో మధ్య జత ఒకసారి తీసి చూడండి. కళ్ళ మీద నల్లపట్టీ వేశారు గానీ ఎడమ చెవి పైన పుట్టుమచ్చ అలాగే వదిలేశారు. ఆ మచ్చ నాది, ఆ తల నాది. మా రూమ్మేట్ టీ తాగుతా పేపర్ తిప్పుతుంటే కనపడింది, ఒరేయ్ ఇది నువ్వే కదరా అని పేపర్ తెచ్చి నా మొహం పక్కన పెట్టి చూశాడు, చూసి మళ్ళీ ఏం మాట్లాడలేదు. ఎందుకంటే ఆ ఫోటో తీసింది 2020 నవంబర్‌లో, ఇప్పుడు నా తల అలా లేదు. అది చెబుదామనే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకుని వేసుకోండి, నాకు కత్తిరింపులు అలవాటే.

మాది పొన్నూరు దగ్గర ఊరు. బీటెక్ మూడో సంవత్సరంలో, అంటే ఇరవై ఏళ్ళకి, నుదురు రెండు పక్కలా పైకి ఎక్కడం మొదలైంది. హాస్టల్ బోరు నీళ్ళు అన్నారు. హెల్మెట్ అన్నారు. రాత్రుళ్ళు ఫోన్ అన్నారు. అమ్మ గుంటగలగరాకు వేసి కొబ్బరినూనె కాచి సీసాల్లో పోసి పంపేది, ఉల్లిపాయ రసం నేనే పట్టించుకున్నా, రెండు నెలలు మా రూములో ఎవడూ నా మంచం వైపు రాలేదు. నిజానికి బోరు నీళ్ళకీ బట్టతలకీ సంబంధం పెట్టడం అంటే బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమే, ఆ నీళ్ళకి వెంట్రుక బరగ్గా అయ్యి చిట్లితే చిట్లుద్దేమో గానీ కుదురు చావదు. చిన్నప్పుడే వృషణాలు పోయిన మగవాళ్ళకి ఈ బట్టతల రాదని 1942లోనే హామిల్టన్ అనే అమెరికన్ రాశాడు, వాళ్ళు ఏ నీళ్ళు పోసుకున్నారో ఆయన అడిగినట్టు లేదు.

అసలు సంగతి మగ హార్మోన్ దగ్గరుంది. టెస్టోస్టెరాన్ అనే ఆ హార్మోన్ నుంచి మన ఒంట్లోనే డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్ తయారవుద్ది, కొందరికి నుదుటి పైనా నడినెత్తినా ఉండే కుదుళ్ళకి పుట్టుకతోనే అది పడదు, మొలిచిన ప్రతి విడతా వెంట్రుక ఇంకొంచెం సన్నబడి ఇంకొంచెం పొట్టిబడి చివరికి నూగు లాగా మిగులుద్ది. తల వెనకా చెవుల పక్కనా ఉన్న కుదుళ్ళకి ఈ గొడవ లేదు, అందుకే ఎంత బట్టతల తాతకైనా చుట్టూతా గుర్రపు లాడంలాగా జుట్టు ఉంటుంది. ఆ వెనక కుదురు పీకి ముందు నాటినా దాని గుణం మారదని 1950ల్లో న్యూయార్క్‌లో ఓరెన్‌ట్రైక్ అనే చర్మం డాక్టర్ చేసి చూపించాడు, ఈ రోజు ఇంత వ్యాపారం నడిచేది ఆ ఒక్క పాయింట్ మీదే. అంతవరకు క్లినిక్ వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. నాటినవి ఊడవు. కాకపోతే పక్కనే ముందునుంచీ ఉన్నవి ఊడతాయి, ఆ రెండో ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎందుకు అడగలేదంటే అప్పటికి నేను అడిగే స్థితిలో లేను సార్. మీ పత్రికలోనే ఎవరో పెద్దాయన రాశారు ఆ మధ్య, ఈ కాలం కుర్రాళ్ళకి సోకు ఎక్కువైంది, జుట్టుకి ఆపరేషన్లేంటి అని. ఆయనకి ఇరవై రెండేళ్ళ వయసులో షేర్ ఆటోలో పదో క్లాసు పిల్ల "అంకుల్ కొంచెం జరగండి" అని ఉంటే తెలిసేది. గ్రూప్ ఫోటో అంటే వెనక వరసలో పొడుగోడి వెనకాల నిలబడేవాడిని, ఫ్యాన్ కింద కూర్చునేవాడిని కాదు, లిఫ్టులో పైన లైటు ఉంటే తల కొంచెం వెనక్కి పెట్టేవాడిని. మాదాపూర్‌లో జాబ్ వచ్చాక మొదటి ఏడాది మొత్తం క్యాప్‌తోనే తిరిగా. ఇది సోకు కాదండీ, రోజంతా ఒక చెయ్యి తల మీదే పెట్టుకుని బతకడం.

2020 జనవరిలో క్లినిక్‌కి వెళ్ళా. నా వయసు ఇరవై మూడు. మొదట కూర్చోబెట్టింది డాక్టర్ దగ్గర కాదు, కౌన్సెలర్ అంట, ల్యాప్‌టాప్‌లో నా ఫోటో పెట్టి వేలితో ముందు జుట్టు గీసి చూపించింది, సార్ మీరు ఇలా ఉంటారు అని. పడిపోయా. గ్రాఫ్టు 40 రూపాయలు, ఈ వారం ఆఫరు, ఫోటోలు వాడుకోవడానికి సంతకం పెడితే 35. గ్రాఫ్టు అంటే ఒక వెంట్రుక అనుకునేరు, ఒక్కో కుదురు గుత్తిలో ఒకటి నుంచి మూడు నాలుగు వెంట్రుకలు ఉంటాయి, అది ఒక గ్రాఫ్టు. నాకు 2,400 పడతాయన్నారు. 84 వేలు, దాని మీద జీఎస్టీ 18 శాతం 15,120, మొత్తం 99,120. వైద్యానికి జీఎస్టీ లేదు కదా అంటే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వైద్యం కింద రాదు సార్ అంది. అది నిజమేనండీ, దెబ్బ తగిలో పుట్టుకతో లోపం ఉండో చేస్తే తప్ప ప్రభుత్వం దీన్ని వైద్య సేవగా లెక్కెయ్యదు, పన్ను కట్టాల్సిందే. నెలకి 8,260 చొప్పున పన్నెండు నెలల ఈఎంఐ. బైక్ కొన్నప్పుడు కూడా ఇంకో రెండు షోరూములు తిరిగా, దీనికి అక్కడే కార్డు గీకేశా.

ఆ గంటన్నరలో నన్ను అడగని ప్రశ్న ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికి బట్టతల ఉంది అని. మా నాన్నకి నలభై దాటేసరికి నడినెత్తి ఖాళీ, మా ఇద్దరు మామయ్యలకీ చుట్టూ లాడం తప్ప ఏమీ లేదు. అడిగి ఉంటే చెప్పేవాడిని.

ఆపరేషన్ రోజు ఎలా ఉంటుందో చెబుతా, ఎవరూ రాయరు కాబట్టి. ముందు గుండు చేస్తారు. డాక్టర్ వచ్చి స్కెచ్ పెన్నుతో నుదుటి మీద గీత గీశాడు, కొంచెం కిందకి పెట్టండి సార్ అన్నా, పెట్టేశాడు, అద్దంలో చూసి హ్యాపీ, ఆయన మళ్ళీ కనపడింది సాయంత్రమే. మత్తు ఇంజెక్షన్లు తల చుట్టూ వేస్తారు, మొదటి పది పన్నెండు పోట్లకి కళ్ళలో నీళ్ళు వచ్చేస్తాయి, తర్వాత తల మనది కానట్టు మొద్దుబారిపోద్ది. బోర్లా పడుకోబెట్టి మొహం దగ్గర చిల్లున్న బల్ల మీద మూడు గంటలకి పైగా, చిన్న మోటారు గుయ్యిమంటా వెనక కుదుళ్ళు కోస్తుంటే ఎముకలో వినపడుద్ది, నొప్పి ఉండదు, ఆ చప్పుడు మాత్రం ఉంటుంది. పక్కన ఇద్దరు టెక్నీషియన్ అమ్మాయిలు సెలైన్ పోసిన గిన్నెల్లో వాటిని పేర్చుకుంటా సింగిల్స్ ఎన్ని డబుల్స్ ఎన్ని అని లెక్కపెట్టుకుంటున్నారు, మధ్యలో ఒకమ్మాయి వాళ్ళ చెల్లి సీమంతం గురించి చెబుతోంది. మధ్యాహ్నం పెరుగన్నం పెట్టారు. ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి నాట్లు. మా అమ్మమ్మ వరి నాట్లు వేసేటప్పుడు చూశా చిన్నప్పుడు, సాలు తప్పకుండా వంగి గుచ్చుకుంటా వెనక్కి పోవడం, అచ్చం అదే.

మూడో రోజుకి నుదుటి వాపు కళ్ళ మీదకి దిగింది. వారం పది రోజులు సగం కూర్చునే నిద్ర, తల దిండుకి రాసుకోకూడదు, సెలైన్ స్ప్రే కొట్టుకోవడం, పెచ్చులు కట్టి రాలడం. తర్వాత మూడో వారం నుంచి నాటిన వెంట్రుకలన్నీ ఊడిపోవడం మొదలైంది. ఇది మామూలే, పైన వెంట్రుక రాలుద్ది, లోపల కుదురు ఉంటుంది, మూడు నాలుగు నెలలకి మళ్ళీ మొలుచుద్ది, కాగితంలో రాసి ఇచ్చారు కూడా. కానీ పొద్దున్నే దిండు మీద లక్ష రూపాయలు రాలి ఉంటే కాగితం గుర్తు రాదు. లాక్‌డౌన్ వచ్చి ఊరికి వెళ్ళిపోయా కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ వేషంతో ఆఫీసుకి వెళ్ళలేకపోయేవాడిని. అమ్మ చూసి డబ్బులు పోసి మరీ ఊడగొట్టించుకున్నావేంట్రా అని ఏడ్చింది, ఏడ్చి, వాడికి జుట్టు వస్తే తలనీలాలు ఇప్పిస్తా స్వామీ అని మొక్కేసుకుంది. వినండి సార్, జుట్టు వస్తే ఆ జుట్టే ఇస్తానని మొక్కు.

వచ్చింది. అబద్ధం చెప్పకూడదు, బ్రహ్మాండంగా వచ్చింది. పదో నెలకి నన్ను నేను అద్దంలో చూసుకుని ఒక్కడినే నవ్వుకునేవాడిని, దువ్వెన కొన్నా, పాపిడి తీసుకున్నా. క్లినిక్ వాళ్ళు పిలిచి లైట్లు పెట్టి తీసిన ఫోటో అదే, మీరు పోయిన ఆదివారం వేసింది. రెండేళ్ళు నిజంగా రాజాలాగా ఉన్నా, ఆ రెండేళ్ళ విలువ ఆ 99,120కి తక్కువేం కాదు అని ఇప్పటికీ అంటా.

2022 ఆగస్టులో మొక్కు తీర్చడానికి తిరుమల వెళ్ళాం. కళ్యాణకట్టలో టోకెన్ తీసుకుని కూర్చున్నా, గుండు గీసే ఆయన తల తడిపి వెనక నుంచి నాలుగు గీతలు గీశాడు, గీసి ఆగాడు. "ఏం స్వామీ, వెనకాల ఈ తెల్లచుక్కలేంది, ఏదన్నా జబ్బు చేసిందా?" అన్నాడు. పక్క బల్ల ఆయన కూడా వంగి చూశాడు. కుదురు తీసిన ప్రతిచోటా ఆవగింజలో సగం అంత తెల్లమచ్చ ఉంటుంది, రెండు వేల నాలుగు వందలు. మచ్చ పడదు, కుట్టు ఉండదు అని చెప్పి చేశారే ఎఫ్‌యూఈ అని, కుదుళ్ళు ఒక్కోటిగా తీసే పద్ధతి, అదే ఇది. కుట్టు ఉండదు, అది నిజం. చుక్కలు ఉంటాయి, జుట్టు ఉన్నంతసేపు కనపడవు. ఆపరేషన్ అని నెమ్మదిగా చెప్పా. "వెంట్రుకలకా?" అని అడిగి ఇంకేం అనకుండా మిగతాది గీసేశాడు, అమ్మ మాత్రం గోవిందా అనుకుంటా దూరంగా నిలబడి ఉంది, ఆమెకి వినపడలేదు.

ఆ గుండు మీద జుట్టు తిరిగి వచ్చేటప్పుడు బయటపడింది అసలు కథ. ముందు నాటిన జుట్టు ఒత్తుగా లేచింది. దాని వెనకాల నా సొంత జుట్టు నూగుగా వచ్చి అక్కడే ఆగింది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటారే మనవాళ్ళు, ఆ మాటకి నేను ఎదురు సాక్ష్యం. ఇంకో ఏడాదికి ముందు చెరువు కట్టలాగా జుట్టు, వెనక ఎండిపోయిన చెరువు. మామూలు బట్టతల అయినా ఒక వరస ఉంటుంది సార్, చూసినవాళ్ళు ఓహో అనుకుని వదిలేస్తారు, ఇది అలా కాదు, వీడేదో చేయించుకున్నాడు అని తెలిసిపోతుంది.

ఈసారి క్లినిక్‌కి కాదు, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన చర్మవ్యాధుల డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళా. ఆవిడ నెత్తి మీద లెన్స్ పెట్టి చూస్తానే అడిగారు, నాన్నగారికి ఎలా ఉంటుంది, మేనమామలకి ఎలా ఉంటుంది, నీకు ఎన్నో ఏట మొదలైంది బాబూ అని. చెప్పా. ఇరవైకి మొదలైతే ముదిరే రకమే ఎక్కువ, ఇరవై మూడుకి నేనైతే కత్తి పట్టేదాన్ని కాదు అన్నారు. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూపించారు. మామూలుగా తలలో చదరపు సెంటీమీటరుకి ఎనభై నుంచి వంద గుత్తులు ఉంటాయి, అందులో సగం పోయేదాకా కంటికి పల్చగా కనపడదు, కాబట్టి నాటేటప్పుడు నలభై వేస్తే నిండుగానే కనపడుద్ది. నా 2,400 గ్రాఫ్టులు అలా అరవై చదరపు సెంటీమీటర్లకి సరిపోయాయి. కానీ మా మామయ్యల లాగా మొత్తం పోతే ఖాళీ అయ్యేది రెండు వందల చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే ఎనిమిది వేలు కావాలి, వెనక నుంచి జీవితం మొత్తం మీద తియ్యగలిగేది చాలామందికి ఆరు వేల అటూ ఇటూ. తీసిన చోట మళ్ళీ మొలవదు. నువ్వు ఇరవై మూడేళ్ళకే, అదీ చిన్నపిల్లాడికి ఉన్నంత కిందకి గీత గీయించుకుని, ఉన్నదాంట్లో నలభై శాతం ముందు వాకిట్లో ఖర్చుపెట్టేశావు అన్నారు. గీత కిందకి పెట్టమంది నేనే. అది ఒప్పుకుంటా.

మరి ముందు చేయాల్సింది ఏంటి అంటే మందులు. ఫినాస్టరైడ్ ఒక మిల్లీగ్రాము బిళ్ళ, మొదట ప్రోస్టేట్ జబ్బుకి 5 మిల్లీగ్రాములది వచ్చింది, జుట్టుకి అమెరికాలో 1997లో అనుమతి ఇచ్చారు, డీహెచ్‌టీ తయారవడాన్ని తగ్గిస్తుంది. మినాక్సిడిల్ అసలు బీపీ బిళ్ళ, వాడినవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు వస్తుంటే చూసి నెత్తికి రాసే మందు చేశారు, దానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. రెండూ ఉన్నదాన్ని నిలబెట్టడానికి బాగా పనికొస్తాయి, పోయి నున్నగా అయిన చోట మొలిపించడానికి అంత కాదు. ఆపేస్తే ఏడాది తిరిగేసరికి నిలబెట్టింది పోతుంది, అంటే ఏళ్ళ తరబడి వాడాలి. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, మనసు దిగులుగా ఉండడం వస్తాయి, ఆవిడ అది దాచకుండా చెప్పారు, పెళ్ళి కాని కుర్రాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి, రెండు నెలలు బిళ్ళల షీటు పర్సులో పెట్టుకుని తిరిగా మింగకుండా. ఇప్పుడు వాడుతున్నా, నాకైతే ఇబ్బంది రాలేదు, మీరు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి, డాక్టర్‌తో మాట్లాడే మింగండి. ఊడడం దాదాపు ఆగింది. ఆ బిళ్ళ ఇరవై రెండేళ్ళకి ఎవరైనా రాసి ఉంటే ఏమయ్యేదో అని రాత్రుళ్ళు అనుకుంటా, ఎందుకంటే ఆ రోజు కౌన్సెలర్ మందుల గురించి ఒకే ముక్క చెప్పింది, ఆపరేషన్ అయిపోయాక వాటి అవసరం ఉండదు సార్ అని.

నాది జుట్టుతో పోయింది. 2016లో చెన్నైలో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని ఒక మెడికల్ స్టూడెంట్ చనిపోయాడు. కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్లు పోతే 2025లో పోలీసులు కేసు పెట్టారు, చేసింది పళ్ళ డాక్టర్ అని మీరే వార్త వేశారు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది, వర్క్‌షాపులో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకుని ఇవి చేయకూడదు, చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పద్ధతిగా శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలి అని. నాకు 2,400 గాట్లు పెట్టింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు, చెల్లి సీమంతం గురించి చెప్పిన అమ్మాయి గొంతు తప్ప.

ఇంకోటి. డాక్టర్లు తమకి తాము యాడ్లు వేసుకోకూడదని 2002 నాటి నియమాలు ఉన్నాయి, అందుకేనేమో ఈ యాడ్లలో డాక్టర్ తప్ప అందరూ కనపడతారు, హీరోయిన్ ఉంటుంది, ఈఎంఐ ఉంటుంది, నేనుంటా.

యాడ్లు ఆపేయమని అడగట్లేదు, మీ పేపర్ నడవాలి కదా, ముప్పై దాటి ఊడడం కుదురుకున్నవాడికి మంచి డాక్టర్ చేతిలో ఈ ఆపరేషన్ చక్కగా పనికొస్తుంది కూడా, మా టీం లీడ్ ముప్పై ఆరుకి చేయించుకున్నాడు, చూస్తే తెలియదు. నేను అడిగేది చిన్నది. మ్యూచువల్ ఫండ్ యాడ్ కింద రిస్క్ గురించి ఒక లైన్ వేస్తారు కదా, అలాగే ఆఫ్టర్ ఫోటో కింద మూడు ముక్కలు వేయించండి, ఆ మనిషికి ఆపరేషన్ అప్పుడు ఎన్నేళ్ళు, ఫోటో తీసింది ఏ నెల ఏ సంవత్సరం, మందులు వాడుతున్నాడా లేదా. నా ఫోటో కింద "23 ఏళ్ళు, 2020 నవంబర్, మందులు లేవు" అని ఉంటే ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒకడైనా మరి ఇప్పుడెలా ఉన్నాడో అని అడిగేవాడు. కావాలంటే ఇప్పటి ఫోటో నేను పంపిస్తా, పైనుంచి తీసింది, ఫ్రీగా వేసుకోండి, నల్లపట్టీ కూడా అక్కర్లేదు.

పేరు మాత్రం వేయకండి సార్. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, మ్యాట్రిమోనీ ప్రొఫైల్‌లో పెట్టింది కూడా ఆ 2020 నవంబర్ ఫోటోనే, అమ్మ పెట్టింది. మార్చమని వారం నుంచి అడుగుతున్నా, వచ్చే నెల పొన్నూరు వెళ్ళినప్పుడు నేనే మార్చేస్తా.

ఇట్లు
మీ పాఠకుడు,
మియాపూర్, హైదరాబాద్